పికప్ బ్యాటరీ రాత్రికి రాత్రి ఎందుకు దిగిపోతోంది?

తెల్లవారుజామున మూడు గంటలకు టమాటా బాక్సులన్నీ ఎత్తి, తాళ్లు బిగించి, కక్కలపల్లి మార్కెట్‌కు బయలుదేరదామని తాళం తిప్పుతాం. లోపల 'టక్' అని ఒక్క శబ్దం వస్తుంది, అంతే. సెల్ఫ్ తిరగదు. అనంతపురం చుట్టుపక్కల పాత పికప్ నడిపేవాళ్లకు ఆ క్షణం ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. చీకట్లో పక్కింటివాళ్లను లేపాలి, లోడు బండిని నలుగురు కలిసి తోయాలి. మార్కెట్‌కు చేరేలోపు వేలం సగం అయిపోయి ఉంటుంది.

మాది 2009 మోడల్ డీజిల్ పికప్. పదహారు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చాం. ప్రతిసారీ ఒకటే మాట విన్నాం: "బ్యాటరీ పోయిందన్నా, మార్చేద్దాం." కొత్తది పెట్టాక రెండు మూడు నెలలు బండి బాగానే లేచేది, తర్వాత మళ్లీ మొదటికొచ్చేది. మూడోది కూడా మొండికేసినప్పుడు, అనంతపురం పాతూరులో ముప్పై ఏళ్లకు పైగా బండ్ల వైరింగ్ పని చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బ్యాటరీ మీద చెయ్యి కూడా పెట్టలేదు. ముందు మీటరు తీశాడు. కాసేపటికి తల ఎత్తి, "బ్యాటరీని చంపుతాండేది వేరే ఉండాది సామీ. రాత్రిపూట దాన్ని ఎవురో తాగుతాండారు" అన్నాడు.

ఆ తాగేది ఏదో కనుక్కోవడానికి మాకు ఒక పూట పట్టింది. ఆ పూట నేర్చుకున్నదీ, ఆ తర్వాత మా ఊళ్లో నాలుగైదు బండ్లకు నా చేతులతో చూసి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. ఏడెనిమిది వందలు పెట్టి మీటరు కొనుక్కోగలిగిన ఎవరైనా ఈ పని చేసుకోవచ్చు.

"బ్యాటరీ పోయింది" అనే మాట ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది

మెకానిక్ అబద్ధం చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. మీ బండిని ఆయన చూసే సమయానికి బ్యాటరీ నిజంగానే పోయి ఉంటుంది. టెస్టర్ పెట్టినా అదే చూపిస్తుంది. అది ఎలా పోయిందన్నదే ఎవరూ అడగరు.

సెల్ఫ్ కొట్టడానికి వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలో సీసం ప్లేట్లు పలచగా ఉంటాయి. ఒక్కసారిగా రెండు మూడు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే మళ్లీ నిండిపోయేలా వాటిని తయారుచేస్తారు. మెల్లగా అడుగంటా ఖాళీ చేయడం వాటికి పడదు. కరెంటు దిగేకొద్దీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టి పొరలా మారి, ఇక ఛార్జింగ్‌కు కూడా కరగదు. ప్లేటులో అంత భాగం పనికిరాకుండా పోయినట్టే. ఇలా నాలుగైదుసార్లు జరిగితే కొత్త బ్యాటరీ కూడా ఏడాదిలోపే చచ్చిపోతుంది. అప్పుడు "బ్యాటరీ పోయింది" అని చెప్పి మారుస్తారు. తాగే దొంగ మాత్రం బండిలోనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఈ దొంగను కాపాడుతుంది. సీజన్‌లో బండి రోజూ ముప్పై నలభై కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి రాత్రి పోయినదాన్ని పగలు ఇంజిన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే డైనమా నింపేస్తుంది. టమాటా అయిపోయి, చీనీకాయల కోత ఇంకా మొదలుకాని రోజుల్లో బండి రెండు రోజులు చెట్టు కింద ఆగిందా, అప్పుడు బయటపడుతుంది. అందుకే చాలామంది "వాడకుంటే బ్యాటరీ దిగుతుంది, అది మామూలే" అని సరిపెట్టుకుంటారు. మంచి బ్యాటరీ ఉన్న పాత డీజిల్ బండి రెండు వారాలు కదలకుండా ఆగినా మొదటి సెల్ఫ్‌కే లేవాలి.

ముందు తేల్చాల్సింది: నింపడం లేదా, నిలవడం లేదా, కారిపోతోందా?

బోరు పక్కన సిమెంటు తొట్టి ఉన్న రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. పొద్దున చూస్తే తొట్టి ఖాళీ. కారణం మూడింటిలో ఒకటి: మోటారు నీళ్లు సరిగా ఎత్తలేదు, తొట్టికి పగులుంది, లేదంటే ఎవరో గేట్ వాల్వ్ పూర్తిగా కట్టకుండా వదిలేశారు. బండిలో మోటారు స్థానంలో ఉండేది ఆల్టర్నేటర్, మనం డైనమా అనేది అదే. తొట్టి బ్యాటరీ. వాల్వులన్నీ వైరింగ్‌లో ఉంటాయి. మూడింట్లో ఏది చెడినా పొద్దున కనిపించే లక్షణం ఒకటే. కాబట్టి వాల్వు వెతకడం మొదలుపెట్టే ముందు మిగతా రెండూ చూసుకోవాలి.

డైనమా సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి, మీటరును డీసీ వోల్టుల మీద ఉంచి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పెట్టండి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. హెడ్‌లైట్లు వేసినా 13.5 దరిదాపుల్లో నిలవాలి. 13 లోపే ఉంటే డైనమా నింపడం లేదు. బెల్టు వదులైందా, కార్బన్ బ్రష్‌లు అరిగాయా, వెనక వైరు ఊడిందా చూడాలి. 15 దాటితే అది ఇంకో జబ్బు. వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చెడి, బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతుంటాయి. నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తోందంటే ఇక్కడే అనుమానించాలి.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, "బండి ఆగలేదు కాబట్టి డైనమా బాగుంది" అని చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఎవరినీ మీ బండి మీద అలా చేయనివ్వకండి. బ్యాటరీ అడ్డు తొలగగానే వోల్టేజీ ఒక్కసారిగా పైకి ఎగసి, డైనమాలోని డయోడ్లనూ రెగ్యులేటర్‌నూ కాల్చేయగలదు. లేని రోగం తెచ్చిపెట్టుకోవడమే అవుతుంది.

ఇక బ్యాటరీ. దాన్ని పూర్తిగా ఛార్జ్ చేయించి, కనీసం నాలుగైదు గంటలు ఊరికే ఉంచి, అప్పుడు కొలవాలి. ఛార్జర్ నుంచి తీసిన వెంటనే కొలిస్తే పైపైన ఎక్కువ వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతు మిగిలిందని లెక్క. చూశారా, నిండు కుండకూ దాదాపు ఖాళీ కుండకూ తేడా అర వోల్టు చిల్లరే. అందుకే "12 వోల్టులు వస్తోంది, బ్యాటరీ ఫుల్లుగా ఉంది" అనే మాటకు విలువ లేదు. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చినట్టే. మూతలు తీసే రకమైతే హైడ్రోమీటర్‌తో గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, కూడా చూడండి. అన్ని సెల్లులూ 1250 దాటి ఉండి, ఒక్కటే 1180 దగ్గర ఉంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవచ్చు.

మీటరు లేనివాళ్లకు కూడా ఒక మార్గం ఉంది. నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష ఇదే. ఛార్జ్ చేసిన బ్యాటరీని బండిలోనే ఉంచి, 10 నంబరు స్పానర్‌తో నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పక్కకు పెట్టండి. మామూలుగా ఎన్నాళ్లు ఆగితే బండి లేవడం లేదో అన్నాళ్లు అలాగే ఆపండి. తర్వాత టెర్మినల్ బిగించి సెల్ఫ్ కొట్టండి. బండి లేచిందంటే తొట్టి మంచిది, వాల్వు తెరిచి ఉంది. లేవలేదంటే తొట్టికే పగులు. పైసా ఖర్చు లేదు.

తొట్టి పగులులో మన ఎండల పాత్ర కూడా ఉంది. బ్యాటరీ తనంతట తాను కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగుడు వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో ఊహించండి. దానికి తోడు బ్యాటరీ పైన యాసిడ్ తడి, దాని మీద మన ఎర్రమట్టి దుమ్ము కలిసి ఒక పొర కడుతుంది. ఆ పొర గుండా కూడా పాజిటివ్ నుంచి నెగటివ్‌కు సన్నగా కరెంటు పారుతుంది. నమ్మకం లేకపోతే మీటరు నల్ల పిన్ను నెగటివ్ టెర్మినల్ మీద పెట్టి, ఎర్ర పిన్నును బ్యాటరీ పైభాగం ప్లాస్టిక్ మీద అక్కడక్కడా తాకించి చూడండి. అర వోల్టో ఒక వోల్టో కనిపిస్తే బ్యాటరీ ఒళ్లే కరెంటు తాగుతోందన్నమాట. మూతలు గట్టిగా బిగించి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి ఆరబెడితే పోతుంది.

ఎంత లాగితే తప్పు?

తాళం తీసేసినా బండిలో కొంచెం కరెంటు నడుస్తూనే ఉంటుంది. మ్యూజిక్ సిస్టమ్‌కు టైము, స్టేషన్లు గుర్తుండాలి కదా. కంప్యూటర్ ఉన్న బండ్లలో 50 మిల్లీ ఆంపియర్ల వరకు మామూలుగా తీసుకుంటారు. 2009 నాటి మెకానికల్ పంపు డీజిల్ బండికి అంత కూడా అవసరం లేదు. 20, 30 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.03 ఆంపియర్ దాటితే నేను వెతకడం మొదలుపెడతాను.

లెక్క చాలా తేలిక. ఎన్ని ఆంపియర్లు లాగుతోందో దాన్ని గంటలతో గుణించండి. క్యాబిన్‌లోని 5 వాట్ల బల్బు ఆరకుండా ఉండిపోతే 0.42 ఆంపియర్, రోజుకు 10 ఆంపియర్ అవర్లు. మన బ్యాటరీ 80 ఆంపియర్ అవర్లది అయితే నాలుగు రోజుల్లో సగం ఖాళీ. బ్రేక్ లైట్లు వెలుగుతూ ఉండిపోతే రెండు 21 వాట్ల బల్బులు కలిపి 3.5 ఆంపియర్లు, ఒక్క రాత్రికే 35 పోతుంది. స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే స్విచ్, అంటే రిలే, అతుక్కుపోతే ఇక చెప్పక్కర్లేదు. ఒక్కో ప్లగ్గు పది ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి నాలుగు ప్లగ్గులు రెండు గంటల్లో పని ముగిస్తాయి.

బ్యాటరీ పూర్తిగా ఖాళీ కావాల్సిన పని కూడా లేదు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని పద్దెనిమిదో వంతుకో ఇరవయ్యో వంతుకో నొక్కాలి. ఆ బరువును తిప్పడానికి సగం దిగిన పాత బ్యాటరీ చాలదు. హారన్ మోగుతుంది, లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తిరగదు.

మీ బండి ఎన్ని గంటలకు లేవకుండా పోతోందో గుర్తుంచుకుంటే, ఈ లెక్కతో దొంగ ఎంత పెద్దవాడో వెతకకముందే అంచనా వేయొచ్చు. మా బండి ఒక్క రాత్రి ఆగితే ఎలాగోలా లేచేది, ఒక రోజు పూర్తిగా ఆగితే లేచేది కాదు. అంటే ఒక ఆంపియర్‌కు అటూ ఇటూ అని పెద్దాయన మీటరు పెట్టకముందే చెప్పాడు.

మీటరు పెట్టే పద్ధతి

ఇక్కడ తొందరపడితే మీటరు కాలుతుంది, కాబట్టి నిదానంగా చెబుతాను.

తాళం తీసి జేబులో వేసుకోండి. లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపండి. ఫోన్ ఛార్జర్ పీకేయండి. తలుపు తెరిచి ఉంటే క్యాబిన్ లైటు వెలుగుతుంది కాబట్టి ఆ బల్బు తీసేయండి, లేదా తలుపు దగ్గరి స్విచ్ నొక్కి ఉంచి టేపు వేయండి. ఫ్యూజ్ బాక్సు మూత ముందే తీసి పెట్టుకోండి. కామన్ రైల్ ఇంజిన్, కంప్యూటర్ ఉన్న బండి అయితే అన్నీ ఆపిన తర్వాత అరగంట ఆగాలి. అవి నిద్రపోవడానికి అంత సమయం తీసుకుంటాయి. ముందే కొలిస్తే లేని దొంగను చూసి భయపడతారు.

ఎప్పుడూ నెగటివ్ వైపే విప్పాలి. నెగటివ్ తగిలి ఉండగా పాజిటివ్ విప్పుతుంటే, స్పానర్ ఇంకో కొన బాడీకి తగిలిందంటే పెద్ద మెరుపు వస్తుంది. బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది. అది అంటుకుంటే యాసిడ్ ముఖం మీదికి వస్తుంది. ఉంగరాలు, గడియారం కూడా తీసేయడం మంచిది.

నెగటివ్ వైరు ఊడదీశాక, ఆ వైరు కొనకూ బ్యాటరీ నెగటివ్ స్తంభానికీ మధ్య ముందు ఒక 21 వాట్ల బల్బు పెట్టి చూడండి. ఇది పాత మెకానిక్‌ల అలవాటు, చాలా మంచి అలవాటు. బల్బు ధగధగా వెలిగిందంటే భారీగా లాగుతోందని అర్థం. అప్పుడు మీటరు పెట్టకుండా రిలేలు, షార్టు వెతకాలి. బల్బు సన్నగా వెలిగినా, వెలగకపోయినా మీటరుకు ప్రమాదం లేదు.

ఇప్పుడు మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్లు అని రాసి ఉన్న రంధ్రానికి మార్చండి. మామూలుగా వోల్టులు కొలిచే రంధ్రంలోనే ఉంచేస్తే లోపలి చిన్న ఫ్యూజు ఎగిరిపోతుంది. తర్వాత ఏం పెట్టినా సున్నా చూపిస్తుంది, మీరు "బండి బాగుంది" అనుకుంటారు. నల్ల వైరు కామ్ (COM) అనే రంధ్రంలో. మీటరును డీసీ ఆంపియర్ల మీద పెట్టి, ఎర్ర పిన్నును ఊడదీసిన వైరుకు, నల్ల పిన్నును బ్యాటరీ నెగటివ్ స్తంభానికి తగిలించండి. చేత్తో పట్టుకోవడం కంటే క్లిప్పులు వాడితే మేలు. ఇక బ్యాటరీ నుంచి బయటికి పోయే ప్రతి బొట్టూ మీటరు గుండానే పోవాలి.

మీటరు తగిలి ఉన్నంతసేపూ ఎవరూ తాళం పెట్టకూడదు. సెల్ఫ్ కొడితే వందల ఆంపియర్లు ఆ సన్న వైర్ల గుండా పారతాయి. పక్కనే ఉన్న పిల్లలకూ డ్రైవర్‌కూ ముందే చెప్పి, తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

మా బండికి అంకెలు ఒక్క క్షణం ఎగిరి, 1.32 దగ్గర నిలబడ్డాయి. రోజుకు 32 ఆంపియర్ అవర్లు. పెద్దాయన అంచనా తప్పలేదు.

ఒక్కొక్క ఫ్యూజు

ఇక మీటరు మీద కన్నుంచి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాలి. అంకె కదలకపోతే అదే చోట తిరిగి పెట్టేసి తర్వాతిది పీకాలి. ఏది పీకినప్పుడు అంకె దబ్బున పడిందో ఆ లైనులో దొంగ ఉన్నట్టు. అప్పుడు ఆ ఫ్యూజు కింద ఏమేమి ఉన్నాయో చూసి, ఒక్కొక్క సాకెట్టూ ఊడదీసుకుంటూ పోవాలి.

నాలుగో ఫ్యూజు పీకగానే మా అంకె 0.94కు పడింది. అది మ్యూజిక్ సిస్టమ్ లైను. మీలో చాలామంది బండ్లలో కూడా ఇదే జరిగి ఉండొచ్చు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మ్యూజిక్ సిస్టమ్ వెనక పసుపు వైరు, ఎరుపు వైరు ఉంటాయి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, జ్ఞాపకం కోసం. ఎరుపుది తాళం తిప్పినప్పుడే కరెంటు రావాల్సిన వైరు. బండి ఆపినా పాటలు రావాలని అడిగితే బిగించేవాళ్లు ఈ రెంటినీ కలిపి మెలిపెట్టి నేరుగా బ్యాటరీ లైనుకు ఇచ్చేస్తారు. అప్పుడు సిస్టమ్ ముఖం మీద లైటు ఆరినా లోపల అది మెలకువగానే ఉంటుంది. మాది 0.38 ఆంపియర్ తాగుతోంది. ఎరుపు వైరును విడదీసి తాళం లైనుకు కలపడానికి పది నిమిషాలు పట్టింది.

పాత పికప్‌లలో ఇలా తర్వాత తగిలించినవే ఎక్కువగా కొంప ముంచుతాయి. ఫైనాన్స్ వాళ్లు పెట్టే జీపీఎస్ డబ్బా, క్యాబిన్ చుట్టూ ఎల్‌ఈడీ పట్టీలు, దేవుడి పటం ముందు చిన్న లైటు, యూఎస్‌బీ ఛార్జర్, ఎయిర్ హారన్. వీటిలో సగం ఫ్యూజ్ బాక్సుకు తగలకుండా నేరుగా బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు లాగినవే ఉంటాయి. ఫ్యూజులన్నీ పీకినా అవి మీటరులో కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి పాజిటివ్ టెర్మినల్ దగ్గరికి వచ్చి ఎన్ని వైర్లు బయలుదేరుతున్నాయో లెక్కపెట్టండి. కంపెనీ వైరు కాని ప్రతిదాన్నీ ఎక్కడికి పోతోందో వేలితో తడుముకుంటూ చివరిదాకా పోండి. వేరుశనగ బస్తాలు పెట్టే షెడ్డులో బండి ఆపేవాళ్లు ఎలుకలు కొరికిన చోట్లు కూడా చూసుకోవాలి. కొరికిన వైరు బాడీకి సగం సగం తగులుతూ ఉంటే ఫ్యూజు ఎగరదు, కరెంటు మాత్రం కారుతుంది.

రిలేలను చేత్తో పట్టుకుని చూడండి. తెల్లవారుజామున అన్నీ చల్లగా ఉన్నప్పుడు ఒక్కటి వెచ్చగా ఉంటే అది రాత్రంతా పనిచేసిందని అర్థం. బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ స్ప్రింగు పట్టేస్తే వెనక లైట్లు ఆరవు. చీకట్లో బండి వెనక్కి ఒక్కసారి నడిచి చూస్తే చాలు. తాళం పెట్టే స్విచ్ లోపల అరిగిపోతే, తాళం బయటికి వచ్చినా లోపల ఆఫ్ కాకుండా ఉండటం పాత బండ్లలో మామూలు విషయం. తాళం తీశాక కూడా వైపరో ఫ్యానో పనిచేస్తోందేమో చూడండి.

కొత్త తరం బండ్లలో ఫ్యూజు పీకి పెడితే నిద్రపోయిన కంప్యూటర్ మళ్లీ లేచి కూర్చుంటుంది. వాటికి ఫ్యూజు పీకకుండా, దాని నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీ వోల్టులు కొలుస్తారు. సున్నా ఉంటే ఆ లైనులో కరెంటు లేదు, ఏదైనా అంకె వస్తే ఉంది.

ఫ్యూజులన్నీ పీకినా తగ్గకపోతే

మ్యూజిక్ సిస్టమ్ తీసినా మా బండిలో ఇంకా 0.94 మిగిలింది. మిగతా ఫ్యూజులన్నీ పీకేశాం, దాదాపు కదల్లేదు. తర్వాత తగిలించిన వైర్లన్నీ విప్పాం, అవీ కావు. మామూలుగా ఈ దశలోనే "మొత్తం వైరింగ్ మార్చాలి" అనే మాట వస్తుంది. వేలకు వేలు ఖర్చు. ఆ మాట వినపడినప్పుడు ఆగి, డైనమా వైపు చూడాలి.

డైనమా వెనక నుంచి ఒక లావు వైరు బ్యాటరీ పాజిటివ్‌కు వస్తుంది. పాత బండ్లలో చాలావాటికి అది ఫ్యూజ్ బాక్సు గుండా పోదు. డైనమాలో పుట్టేది అటూ ఇటూ దిశ మార్చుకునే ఏసీ కరెంటు. దాన్ని ఒకే దిశలో పోయే డీసీగా మార్చడానికి లోపల డయోడ్లు ఉంటాయి. నీళ్ల పైపులో ఫుట్‌వాల్వ్ ఎలాగో డయోడ్ అలాగ: డైనమా నుంచి బ్యాటరీకి కరెంటును పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఫుట్‌వాల్వ్‌లో ఇసుక ఇరుక్కుంటే మోటారు ఆపగానే నీళ్లు బోరులోకి జారిపోయినట్టే, డయోడ్ ఒకటి కారడం మొదలైతే బండి ఆపగానే బ్యాటరీ కరెంటు డైనమాలోకి వెనక్కి జారుతుంది. అక్కడి చుట్ల గుండా పోయి, లోపలి రోటర్‌ను కూడా రాత్రంతా అయస్కాంతంగా ఉంచుతుంది.

పగలు బండి నడుస్తున్నప్పుడు మీటరు 14 వోల్టులు చూపిస్తూనే ఉంటుంది. ఆరు డయోడ్లలో ఒకటి కొంచెం కారుతున్నా ఛార్జింగ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మా డైనమాను ముందు చూసినవాళ్లంతా "బాగుంది" అన్నారు.

పెద్దాయన మూడు గుర్తులు చూపించాడు. ఇంజిన్ చల్లారి గంటలైనా డైనమా వెనక మూత మీద అరచెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, పక్కనే ఇంజిన్ ఇనుము చల్లగా ఉంది. స్క్రూడ్రైవర్ మొన తీసి పుల్లీ నట్టు దగ్గర పెట్టాడు. తాళం జేబులో ఉంది, ఇంజిన్ ఆగి ఉంది, అయినా ఆ మొనను నట్టు మెల్లగా లాగి పట్టుకుంది. తర్వాత షెడ్డు షట్టర్ దించి, చీకట్లో డ్యాష్‌బోర్డు వైపు చూడమన్నాడు. ఎర్రని బ్యాటరీ గుర్తు, కళ్లు చిట్లించి చూస్తే తప్ప తెలియనంత సన్నగా, వెలుగుతోంది. మా డ్రైవర్ తల పట్టుకుని, "ఇది నేను ఎన్ని రోజులనుంచో చూస్తాండాన్నా, లైటేదో మెరుస్తాందిలే అనుకున్యా" అన్నాడు.

తేల్చుకోవడం ఇలా. బ్యాటరీ నెగటివ్ తీసేసి ఉండగానే డైనమా వెనక లావు వైరు నట్టు విప్పి, ఆ వైరు కొనకు ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టండి. అది నేరుగా బ్యాటరీ పాజిటివ్, బాడీకి తగలకూడదు. చిన్న వైర్ల సాకెట్టు కూడా పీకండి. మళ్లీ మీటరు తగిలించండి. మాకు 0.94 నుంచి 0.03కు పడింది. మూడు బ్యాటరీలను చంపినది దొరికింది.

డైనమా మొత్తం మార్చాల్సిన పనిలేదు. డయోడ్లు బిగించిన ప్లేటు విడిగా దొరుకుతుంది. విప్పి, ప్లేటు మార్చి, పనిలో పనిగా బేరింగులు, కార్బన్ బ్రష్‌లు కూడా వేయించాం. అంతా కలిపి కొత్త బ్యాటరీ ధరలో మూడో వంతు కూడా కాలేదు.

ఇంజిన్ నడుస్తుండగా కూడా డయోడ్‌ను పట్టుకోవచ్చు. మీటరును ఏసీ వోల్టుల మీద ఉంచి బ్యాటరీ టెర్మినళ్ల మీద పెట్టండి. మంచి డైనమా అయితే చాలా చిన్న అంకె వస్తుంది. అర వోల్టు దాటితే డయోడ్ల మీద అనుమానపడాలి. చవక మీటర్లు కొన్ని ఈ కొలతలో డీసీని కూడా కలిపి పిచ్చి అంకెలు చూపిస్తాయి. ముందు ఇంజిన్ ఆపి, అదే బ్యాటరీ మీద ఏసీ కొలిచి సున్నా వస్తోందో లేదో చూసుకోండి.

కారడం కానిది, కారుతున్నట్టు కనిపించేది

వాల్వులన్నీ కట్టి ఉండి, తొట్టి నిండుగా ఉండి, అయినా సెల్ఫ్ తిరగకపోతే ఎర్త్ వైర్లు చూడండి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే జడ వైరు పదిహేనేళ్లలో పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగిపోయి ఉంటుంది. సెల్ఫ్ కొడుతుండగా మీటరు ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి వోల్టులు చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ వస్తే ఆ దారిలోనే బలమంతా పోతోంది. కొత్త ఎర్త్ వైరుకు అయ్యేది వందల్లోనే. దీని వల్ల కూడా ఎన్నో మంచి బ్యాటరీలు పాత సామాన్ల కొట్టుకు పోతుంటాయి.

దొంగ దొరికేదాకా బండి ఆపక తప్పని పరిస్థితి అయితే నెగటివ్ టెర్మినల్‌కు కటాఫ్ స్విచ్ బిగించుకుని, రాత్రి తిప్పి ఆపేయవచ్చు. మార్కెట్ తప్పదు కాబట్టి నేను దీన్ని తప్పుపట్టను. కానీ స్విచ్ పెట్టాక వెతకడం మానేస్తే, ఆ కారే డయోడ్ ఒకరోజు పూర్తిగా షార్టయి లావు వైరును కాల్చవచ్చు. ఆ లైనుకు ఫ్యూజు లేని బండ్లలో అది మంటల దాకా పోతుంది.

పని అయ్యాక మళ్లీ ఒకసారి కొలవడం మరచిపోవద్దు. రెండు దొంగలు ఉంటే ఒకటి దొరకగానే సంబరపడి బానెట్ మూసేయడం అందరూ చేసే పొరపాటు. మ్యూజిక్ సిస్టమ్ దగ్గరే ఆగిపోయి ఉంటే మా బండికి నాలుగో బ్యాటరీ కూడా పెట్టేవాళ్లం. ఇప్పుడు ఫ్యూజ్ బాక్సు మూత లోపలి వైపు మార్కర్‌తో 0.03 అని రాసి, పక్కన తేదీ వేసి పెట్టాను. కొత్తగా ఏ లైటు తగిలించినా, ఏ వైరు కలిపినా, ఆ రోజు సాయంత్రం మీటరు పెట్టి ఆ అంకెతో పోల్చి చూస్తాం.